చెక్ అంటే చూడ్డం కదరా!

ముందుగా ఒక మాట. ఇది మన తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి సీ భాషలోని ఫంక్షన్ పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. చదవడానికి కాస్త వింతగా ఉంటాయి, సర్దుకోండి. "కోడింగ్ గోల ల్యాబ్‌లో సరిపోవడం లేదా, ఇక్కడ కూడా ఎందుకు? ఏ కథో కవితో రాయొచ్చు కదా" అని మా ఎడిటర్ అడిగింది. పేరు పెట్టడం కూడా భాషకి సంబంధించిన పనే అన్నాను. సరే రాయి, బాగోకపోతే వెయ్యను అంది. మీరు చదువుతున్నారంటే వేసినట్టే లెక్క.

అసలు విషయానికి వస్తాను. పోయిన డిసెంబర్‌లో మేం నలుగురం ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కింద రొయ్యల చెరువుకి ఒక పరికరం చేశాం. కాట్రేనికోన వైపు మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారికి చెరువుంది. ఆయన్ని మేమందరం బాబాయ్ గారు అంటాం. ఈఎస్‌పీ32 బోర్డు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ సెన్సర్, ఏరేటర్ మోటార్లని ఆన్ ఆఫ్ చేసే రిలే, గట్టు మీద పాకలో చిన్న ఎల్‌సీడీ, దాని పక్కన ఒక బటన్. ఇంతే సరంజామా.

చెరువుల సంగతి తెలియని సిటీ మిత్రుల కోసం కాస్త వివరం. పగలు నీళ్లలోని నాచు ఎండ తీసుకుని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది, కానీ రొయ్యలూ నాచూ అడుగు బురదలో ఉన్న సూక్ష్మజీవులూ అన్నీ ఆక్సిజన్ పీలుస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున డీఓ బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే కిందకి పోకుండా చూసుకోవాలంటారు రైతులు. బాగా పడితే రొయ్య పైకి తేలుతుంది. తేలిందంటే ఆ పంట సంగతి ఇక చెప్పక్కర్లేదు. అందుకే రాత్రంతా ఏరేటర్ చక్రాలు తిరుగుతూనే ఉండాలి.

మా ప్రోగ్రామ్ పగటిపూట డీఓ చూసుకుంటూ, ఎక్కువగా ఉంటే ఏరేటర్లు ఆపేది, తగ్గితే వేసేది. కరెంటు ఖర్చు కలిసొస్తుందని ఆ ఏర్పాటు. రాత్రి పదింటికి మాత్రం "డీఓ ఎంతున్నా సరే, తెల్లారేదాకా తిరగాల్సిందే" అని ఒకసారి ఆన్ చేసి వదిలేసేది. అది బాబాయ్ గారు పెట్టిన షరతు. పగటి పని చేసే ఫంక్షన్ పేరు చెక్_డీఓ. అది మా టీమ్‌లో వేరే అబ్బాయి రాశాడు. ఎల్‌సీడీ భాగం నేను రాశాను. బటన్ నొక్కితే ప్రస్తుతం డీఓ ఎంతుందో స్క్రీన్ మీద చూపించాలి. వెతికితే చెక్_డీఓ కనిపించింది. నంబర్ తిరిగిస్తోంది. ఇంకేం, దాన్నే పిలిచాను. లోపలికి వెళ్లి చదవలేదు. పగలు పరీక్షిస్తే చక్కగా పనిచేసింది.

ఒక రాత్రి ఒంటిగంటకి బాబాయ్ గారు అలవాటు ప్రకారం చెరువు దగ్గరికి వెళ్లి బటన్ నొక్కారు. 6.2 అని చూపించింది. సంతోషంగా మంచం మీద వాలారు. రెండు నిమిషాలకి ఆయనకి ఏదో తేడా అనిపించింది. చక్రాల చప్పుడు లేదు. కరెంటు పోయిందేమో అనుకుంటే పాకలో లైటు వెలుగుతోంది. పరుగున వెళ్లి స్టార్టర్ దగ్గర చేత్తో ఆన్ చేశారు. అక్కడితో ఆగలేదు. మళ్లీ సిస్టం మీద పెట్టి, మళ్లీ బటన్ నొక్కి చూశారు. మళ్లీ ఆగింది. మాకు ఫోన్ చేసి, "మీ బటన్ నొక్కితే ఏరేటర్లు ఆగిపోతున్నాయిరా" అని చెప్పారు. ఇంజనీరింగ్ నాలుగో ఏడాది చదివే నలుగురికి తట్టనిది డీబగ్ చేసి చేతిలో పెట్టారు ఆయన. పంటకి అప్పటికి డెబ్భై రోజులు. ఆయన నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను.

మర్నాడు పాకలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాం. చెక్_డీఓ లోపల ఉన్నది ఇది: సెన్సర్ చదువు, 6 దాటితే రిలే ఆఫ్ చెయ్యి, ఆ నంబర్ తిరిగివ్వు. పగలు మెయిన్ లూప్ పదే పదే చూసుకుంటూ ఉంటుంది కాబట్టి ఆపినా మళ్లీ వేస్తుంది. రాత్రి వేసేవాడు లేడు. ఇదంతా బాబాయ్ గారికి వివరించాం. ఆయన స్క్రీన్ వైపు వంగి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, "ఇక్కడ చెక్ అని కదరా రాశారు? చెక్ అంటే చూడ్డం కదరా! చూడమంటే ఆపేయడం ఏంటి?" అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్లలో ఏ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరూ మమ్మల్ని అంత మంచి ప్రశ్న అడగలేదు.

తప్పు నాదా, ఆ ఫంక్షన్ రాసినవాడిదా అని మేం హాస్టల్‌లో రెండు రోజులు కొట్టుకున్నాం. లోపల చదవకుండా పిలవడం నాదే తప్పు అని వాడు. పేరు అబద్ధం చెప్పింది అని నేను. ఇప్పుడు నింపాదిగా ఆలోచించాక కూడా నా మాట మీదే ఉన్నాను. ఎందుకో చెప్తాను.

మాది వెయ్యి లైన్లు కూడా లేని ప్రోగ్రామ్. కావాలంటే ఒక గంట కూర్చుని మొత్తం చదివేయొచ్చు. కానీ లైనక్స్ కెర్నల్ తీసుకోండి. 1991లో మొదలైంది, ఇప్పుడు కోట్ల లైన్లు. ఎక్కువ భాగం సీ భాషే. దేశదేశాల నుంచి వేలమంది రాస్తుంటారు. అక్కడ పిలిచే ప్రతి ఫంక్షన్ లోపలికి వెళ్లి చదివి, అది పిలిచే వాటి లోపలికి కూడా వెళ్లి చదివి పనిచేయడం ఏ మనిషికీ సాధ్యం కాదు. పేరు చూసి నమ్మాల్సిందే. పెద్ద కోడ్‌లో పేరు అంటే ఇచ్చిన మాట. మాట తప్పితే మాట ఇచ్చినవాడిదే తప్పు.

పైగా సీ భాషకి ఇంకో ఇబ్బంది ఉంది. దానికి ఇంటిపేర్లు లేవు. సీ ప్లస్ ప్లస్‌లో నేమ్‌స్పేస్ ఉంది, జావాలో ప్యాకేజీ ఉంది. సీలో బయటికి కనిపించే ఫంక్షన్లన్నీ ఒకే వీధిలో కాపురం. ఇద్దరు రెండు ఫైళ్లలో ఇనిట్ అని పేరు పెడితే లింకర్ ఒప్పుకోదు. అందుకని పెద్ద ప్రాజెక్టులవాళ్లు మనం చేసినట్టే చేశారు. ఇంటిపేరు ముందు పెట్టారు. కెర్నల్‌లో యూఎస్‌బీ వాళ్లందరూ యూఎస్‌బీ_ తో మొదలవుతారు, టీసీపీ వాళ్లు టీసీపీ_ తో, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టం వాళ్లు ఈఎక్స్‌టీ4_ తో. ఎస్‌క్యూలైట్‌లో బయటివాళ్లు పిలవాల్సినవి ఎస్‌క్యూలైట్3_ తో. అమెరికావాళ్లు ఇంటిపేరు చివర రాసుకుంటారు గానీ, కోడ్ రాసేటప్పుడు మాత్రం తెలుగువాళ్ల పద్ధతిలోకే వచ్చారు!

మన కోనసీమలోనే చూడండి. గన్నవరం అంటే ఏ గన్నవరం? విమానాలు దిగేది కృష్ణా గట్టు వైపుది. మన వైనతేయ పక్కన ఉన్నది పి. గన్నవరం. పోలవరం అంటే ప్రాజెక్ట్ కడుతున్న ఊరు. ముమ్మిడివరం పక్కనున్నది ఐ. పోలవరం. ఒక్క అక్షరం, ఒక చుక్క. అది లేకపోతే ఉత్తరం ఎక్కడికి పోతుందో, బస్సెక్కినవాడు ఎక్కడ దిగుతాడో తెలియదు. సీలో ప్రిఫిక్స్ చేసేది అచ్చంగా ఈ పనే.

మరి స్టాటిక్ అని పెట్టే ఫంక్షన్లు? అవి ఇంట్లో పిలుచుకునే ముద్దుపేర్లు. చంటి, బుజ్జి, అబ్బులు. ప్రతి ఇంట్లో ఒక చంటిగాడు ఉంటాడు. గుమ్మం లోపల పిలిస్తే గొడవే లేదు. వీధిలోకొచ్చి "ఒరేయ్ చంటీ" అని అరిస్తే నలుగురు తిరిగి చూస్తారు. అందుకే ఫైల్ లోపలి ఫంక్షన్‌కి చిన్న పేరు ఉన్నా నాకు అభ్యంతరం లేదు. కెర్నల్ కోడింగ్ స్టైల్ పత్రంలో లైనస్ టోర్వాల్డ్స్ చెప్పింది కూడా దాదాపు ఇదే. లోపలి వేరియబుల్‌కి ఐ అని పెట్టుకో, టెంప్ అని పెట్టుకో. కానీ అందరికీ కనిపించే ఫంక్షన్ అయితే కౌంట్_యాక్టివ్_యూజర్స్ అని నిండుగా రాయి. సీఎన్‌టీయూఎస్ఆర్ అని కుదించకు.

ఇక్కడ మా జూనియర్ ఒకడు అడ్డుతగిలాడు. "అన్నయ్యా, మరి సీ లైబ్రరీలో ఎస్‌టీఆర్‌సీపీవై, ఎస్‌టీఆర్‌సీఎంపీ అన్నీ కుదింపులే కదా? పెద్దవాళ్లే అలా పెడితే మనం పెడితే తప్పా?" అని. మంచి ప్రశ్న. దానికి కారణం ఉంది. పాత రోజుల్లో లింకర్లు పొడుగు పేర్లు పట్టించుకునేవి కావు. 1989 నాటి ఆన్సీ ప్రమాణం కూడా బయటికి కనిపించే పేర్లలో మొదటి 6 అక్షరాలకే పూచీ ఇచ్చింది. ఏడో అక్షరంలో తేడా ఉంటే రెండూ ఒకటే అనుకునే హక్కు లింకర్‌కి ఉంది. 1999 ప్రమాణం దాన్ని 31కి పెంచింది. అంటే అప్పటివాళ్లు పీనాసితనంతో కుదించలేదు, చోటు లేక కుదించారు. మనకి చోటుంది. చోటున్నా కుదించడం అంటే తాతగారు కరువు రోజుల్లో గంజి తాగారని మనం పెళ్లిలో గంజి వడ్డించడం.

యూనిక్స్‌లో ఫైల్ సృష్టించే సిస్టం కాల్ ఒకటుంది, క్రియేట్. దాని ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి 'ఇ' అక్షరం ఉండదు. యూనిక్స్‌ని మళ్లీ మొదట్నుంచి రాస్తే ఏం మారుస్తారని కెన్ థాంప్సన్‌ని అడిగితే, ఆ అక్షరం చేరుస్తానని చెప్పాడట. కెర్నిహాన్, పైక్ 1984లో రాసిన పుస్తకంలో ఈ ముచ్చట ఉంది. అందరూ జోకుగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో కాస్త బాధ కూడా వినిపిస్తుంది. ఎందుకంటే ఆ అక్షరం ఇప్పటికీ చేరలేదు. ఇక చేరదు కూడా. ఊరందరూ వాడడం మొదలుపెట్టాక పేరు మార్చడం ఎవడి తరమూ కాదు.

ఈ మాట మీద కొత్తపేట గుర్తొస్తుంది. అది ఎప్పుడు కొత్తదో నాకు తెలియదు. మా తాతగారి చిన్నప్పుడు కూడా అది కొత్తపేటే. లైనక్స్‌లో కూడా ఒక కొత్తపేట ఉంది. సిస్_న్యూస్టాట్. ఎన్నో ఏళ్ల పాతది, పేరులో మాత్రం ఇంకా న్యూ ఉంది. ఇంకా తమాషా యూనేమ్ అన్న సిస్టం కాల్‌ది. మొదటిది సరిపోలేదని రెండోది పెట్టారు, అదీ సరిపోలేదని మూడోది పెట్టారు. పాతవాటిని తీసేస్తే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి కాబట్టి ఉంచేశారు. 32 బిట్ ఇంటెల్ పట్టికలో ఇప్పుడు యూనేమ్, ఓల్డ్‌యూనేమ్, ఓల్డ్‌ఓల్డ్‌యూనేమ్ అని మూడూ ఉన్నాయి. ముత్తాతగారు, తాతగారు, నాన్నగారు ఒకే అరుగు మీద కూర్చున్నట్టు. నీతి ఏమిటంటే, పేరులో కొత్త, న్యూ, ఫైనల్, ఫైనల్2 పెట్టకండి. మన ప్రాజెక్ట్ ఫోల్డర్లు చూసుకుంటే ఈ మాట ఎందుకు చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

ఇప్పటిదాకా ముందు భాగం గురించి చెప్పాను. తోక కూడా ముఖ్యమే. మా వైపు ఊరి పేరు చివర పాలెం, పేట, పూడి, వరం, లంక ఉంటాయి. అందులో లంక అన్న మాటకి ప్రత్యేకత ఉంది. ఊడిమూడిలంక అన్నా, బూరుగులంక అన్నా వినగానే మనకి విషయం అర్థమైపోతుంది. అది గోదావరి మధ్య ఊరు. వరదొస్తే పడవ కావాలి. సంబంధం చూసుకునేవాళ్లు కూడా ఆ మాట విని ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. పేరే హెచ్చరిక.

మేం వాడిన ఫ్రీఆర్‌టీఓఎస్‌లో అలాంటి లంక ఒకటుంది. క్యూలోకి సందేశం పంపే ఫంక్షన్ ఎక్స్‌క్యూసెండ్. ఇంటరప్ట్ లోపలి నుంచి పంపాలంటే దాన్ని పిలవకూడదు, ఎక్స్‌క్యూసెండ్‌ఫ్రమ్‌ఐఎస్ఆర్‌ని పిలవాలి. ఎందుకంటే మామూలుది ఖాళీ లేకపోతే ఆగి ఎదురుచూడొచ్చు, ఇంటరప్ట్‌లో ఆగడం కుదరదు. ఆ తేడా మొత్తం పేరు చివరి తోకలో ఉంది. లైనక్స్‌లో స్పిన్_లాక్, స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్ అనే రెండింటికీ ఇలాంటి తేడాయే.

అదే ఫ్రీఆర్‌టీఓఎస్‌లో నాకు నచ్చనిది కూడా ఉంది. పేరు ముందు వి ఉంటే ఏమీ తిరిగివ్వదని, పీవీ ఉంటే వాయిడ్ పాయింటర్ ఇస్తుందని, యూఎక్స్ ఉంటే అన్‌సైన్డ్ అని గుర్తులు. వీటాస్క్‌డిలే, పీవీపోర్ట్‌మాలక్ ఇలా. టైపుని పేరులో చొప్పించే ఈ అలవాటుని లైనక్స్ వాళ్ల స్టైల్ పత్రం గట్టిగానే తిడుతుంది. నేను కూడా వాళ్లవైపే. ఒక ఫంక్షన్ ఏ టైపు ఇస్తుందో కంపైలర్‌కి తెలుసు. తప్పు చేస్తే అదే చెప్తుంది. కానీ ఇంటరప్ట్‌లో పిలవొచ్చా లేదా అన్నది కంపైలర్‌కి తెలియదు. కాబట్టి నా సూత్రం ఇది: కంపైలర్‌కి తెలిసినది పేరులో పెట్టక్కర్లేదు, దానికి తెలియనిది తప్పకుండా పెట్టాలి. తాళం ఎవరు వెయ్యాలి, మెమరీ ఎవరు ఖాళీ చెయ్యాలి, ఏ కొలతలో ఇస్తుంది, ఇలాంటివి.

కొలత అంటే గుర్తొచ్చింది. 1999లో నాసావాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర పోయింది. భూమ్మీది సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం పౌండ్ల లెక్కలో ఇస్తే ఇంకో భాగం న్యూటన్ల లెక్క అనుకుని తీసుకుంది. రెండూ అంకెలే, కంపైలర్‌కి తేడా తెలియదు. పేరు చివర కొలత రాసి ఉంటే ఎవరో ఒకరి కంట్లో పడేదేమో.

పెద్ద కోడ్‌లో అన్నీ బాగుంటాయని కూడా నేను అనను. కెర్నల్‌లో పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు ఉంటే "జాగ్రత్త" అని అర్థం. ఉదాహరణకి కాపీ_టు_యూజర్ చిరునామా సరైనదో కాదో తనే చూసుకుంటుంది. ముందు రెండు గీతలున్నది ఆ పరీక్ష చెయ్యదు, పిలిచేవాడే చేసి రావాలి. కానీ గీతలు ప్రమాదం ఉందని చెప్తాయి గానీ ఏ ప్రమాదమో చెప్పవు. గట్టు మీద ఎర్రజెండా పాతి, లోతుందా, మొసలుందా, కరెంటు తీగ తెగిందా చెప్పకపోతే ఎలా? లాక్డ్ అన్న తోకకి కూడా ఇదే తంటా. తాళం నేను వేసుకుంటానని అర్థమా, నువ్వు వేసి రమ్మని అర్థమా? అందుకే లైనక్స్ వాళ్లు ఫంక్షన్ లోపల లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్ అని కూడా రాస్తారు. తాళం లేకుండా వస్తే, ఆ పరీక్ష ఆన్ చేసి కట్టిన కెర్నల్‌లో అక్కడే అరుస్తుంది. పేరు మాట ఇస్తుంది, ఈ లైను కాపలా కాస్తుంది. రెండూ ఉండాలి.

మా చెక్_డీఓకి అన్నగారు కూడా అక్కడ ఉన్నారు. కెర్నల్‌లో ఒక వస్తువుని ఎంతమంది వాడుతున్నారో లెక్క ఉంటుంది. గెట్ అంటే లెక్క ఒకటి పెంచు, పుట్ అంటే ఒకటి తగ్గించు. ఇది వాళ్ల ఇంటి వాడుక, ఒకసారి నేర్చుకుంటే అన్ని చోట్లా పనికొస్తుంది. అంతవరకు బానే ఉంది. కానీ ఆఫ్_ఫైండ్_ అని మొదలయ్యే కొన్ని ఫంక్షన్లు ఉన్నాయి. పేరు చూస్తే వెతికిపెట్టడం మాత్రమే. లోపల మాత్రం వెతికి, లెక్క కూడా పెంచి ఇస్తాయి. పేరులో గెట్ లేదు కాబట్టి పిలిచినవాడు పుట్ మర్చిపోతాడు. లెక్క ఎప్పటికీ సున్నాకి రాదు. అలా మర్చిపోయిన పుట్‌లని సరిచేసే ప్యాచ్‌లు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. రాసేవాళ్లందరూ మా కంటే ఎంతో అనుభవం ఉన్నవాళ్లే. పేరు తప్పుదారి పట్టిస్తే అనుభవం కూడా జారుతుందన్నమాట.

ఇప్పుడు మన భాష దగ్గరికి వస్తాను. మా గొడవ తర్వాత నేనొక పద్ధతి కనిపెట్టుకున్నాను. ఫంక్షన్ చేసే పనిని ముందు ఒక తెలుగు వాక్యంగా చెప్పుకోవడం. చెక్_డీఓ ఏం చేస్తుంది? "ఆక్సిజన్ చూసి, ఎక్కువుంటే ఏరేటర్లు ఆపి, నంబర్ ఇస్తుంది." చూసి, ఆపి. పదో తరగతి వ్యాకరణంలో క్త్వార్థకం అని బట్టీపట్టాం చూడండి, అదే. వాక్యంలో ఎన్ని క్త్వార్థకాలు వస్తే అన్ని పనులు ఆ ఫంక్షన్‌లో దాక్కున్నట్టు. ఒక్కో "ఇ" కారం దగ్గర ఒక్కో ముక్కగా విడగొట్టొచ్చు. ఇంగ్లీషులో ఒక్క చెక్ అని పెట్టి తప్పించుకోగలిగాం గానీ, తెలుగులో ఆ వాక్యం చెప్తే దాచడానికి కుదరదు. హ్యాండిల్, ప్రాసెస్, మేనేజ్, డూ లాంటి మాటలతో కూడా ఇదే ఉపాయం. "డేటాని ప్రాసెస్ చేస్తుంది" అంటే ఏం చేస్తుందిరా అని తెలుగులో అడిగితే, పేరు పెట్టినవాడికే తెలియదని బయటపడుతుంది.

ఇంకో చిన్న ఉపాయం కూడా మన దగ్గరే ఉంది. కెర్నల్ స్టైల్ పత్రంలో ఒక నియమం ఉంటుంది. పేరు ఆజ్ఞ అయితే, అంటే యాడ్_వర్క్ లాంటిదైతే, విజయానికి 0 ఇవ్వాలి, విఫలమైతే ఎర్రర్ కోడ్ ఇవ్వాలి. పేరు ప్రశ్న లాంటిదైతే, అంటే పీసీఐ_డెవ్_ప్రెజెంట్ లాంటిదైతే, అవునుకి 1, కాదుకి 0 ఇవ్వాలి. మొదటిసారి చదివినప్పుడు నాకు తలకిందులుగా అనిపించింది. తెలుగులో పెట్టుకున్నాక తేలికైపోయింది. "పని చేర్చు" అన్నది ఆజ్ఞ. దానికి జవాబు "అయింది", లేదా "ఇదిగో ఇందుకు కాలేదు". అవడం ఒక్క రకమే, కాకపోవడానికి సవాలక్ష కారణాలు. అందుకే విజయానికి ఒక్క సున్నా, కారణాలకి మిగతా అంకెలన్నీ. "పరికరం ఉందా?" అన్నది ప్రశ్న. దానికి జవాబు "ఉంది", "లేదు", అంతే. పేరుని తెలుగులో చెప్పి చివర "ఆ" దీర్ఘం వస్తుందా, "చెయ్యి" వస్తుందా చూడండి. ఏం తిరిగివ్వాలో దానంతట అదే తెలుస్తుంది.

అయితే పేర్లు తెలుగులోనే పెట్టేస్తే పోలా అని మన క్లబ్ సభ్యులకి అనిపించొచ్చు. పెట్టొచ్చు. 1999 సీ ప్రమాణం తెలుగు అక్షరాలని పేర్లలో అనుమతించింది. జీసీసీ 2020లో వచ్చిన పదో వెర్షన్ నుంచి వాటిని నేరుగా యూటీఎఫ్ 8లో రాయనిస్తోంది. సరదాకి మేం ఏరేటర్_ఆపు అని తెలుగు అక్షరాల్లోనే రాసి కంపైల్ చేశాం, నడిచింది. కానీ పెద్ద కోడ్‌లో దాన్ని నేను సమర్థించను. పదిమంది చదవాల్సిన చోట పదిమందికీ వచ్చిన భాషలో ఉండాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో పేరు పెడదాం. మనకి రెండు భాషలు రావడం ఇక్కడ లాభమే.

"పొడుగు పేర్లు టైప్ చేయలేక చస్తాం, కామెంట్ రాస్తే చాలదా" అని మా టీమ్‌లో చివరిదాకా వాదించినవాడు ఒకడున్నాడు. కామెంట్ ఫంక్షన్ ఇంటి దగ్గర ఉంటుంది. దాన్ని పిలిచేవాడు వేరే ఊళ్లో ఉంటాడు. పేరు ఒక్కటే వాడిదాకా వెళ్తుంది. నేను ఎల్‌సీడీ ఫైల్‌లో చెక్_డీఓ అని రాసినప్పుడు నా కళ్ల ముందు ఉన్నది ఆ ఏడెనిమిది అక్షరాలే. ఇక టైపింగ్ అంటారా, ఈ రోజుల్లో రెండక్షరాలు కొడితే మిగతాది ఎడిటరే నింపుతుంది.

పేరులో ఏముంది, పనిచేస్తే చాలు కదా అనే పెద్దమనుషులూ ఉన్నారు. 2022 మేలో జిల్లా పేరు మీద అమలాపురం ఎలా రగిలిందో, రోజుల తరబడి ఇంటర్నెట్ లేకుండా ఎలా ఉన్నామో చూసినవాళ్లం మనం. పేరు చిన్న విషయమని కనీసం కోనసీమవాళ్లు అనకూడదు.

చివరగా మన ల్యాబ్ సంగతి. మన రికార్డులు తెరిస్తే ఫన్1, ఫన్2, ఏబీసీ, టెస్ట్, డిస్ప్1. మార్కులు అవుట్‌పుట్‌కే. నాలుగేళ్లూ అలా రాసి, ఆ తర్వాత ఒక్కసారిగా వేరేవాళ్ల లక్షల లైన్ల కోడ్‌లోకి దిగుతాం. ల్యాబ్ వైవాలో ఒక్క ప్రశ్న చేర్చమని మన మాస్టార్లని అడుగుతున్నాను. "ఈ ఫంక్షన్‌కి ఈ పేరు ఎందుకు పెట్టావు?" దీనికి రెండు మార్కులు పెట్టినా చాలు, రెండో ఏడాదికల్లా అందరి అలవాటూ మారుతుంది. ఖర్చు లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

మా కోడ్‌లో ఇప్పుడు చెక్_డీఓ లేదు. పాండ్_డీఓ_రీడ్_ఎంజీపీఎల్ ఉంది, చదవడం తప్ప ఏమీ చెయ్యదు, లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తుంది. పాండ్_ఏరేటర్_అప్‌డేట్_డే ఉంది, పగలు మాత్రమే పిలవాలని పేరులోనే ఉంది. రాత్రి పిలిస్తే ఏమీ చెయ్యకుండా వెనక్కి వచ్చేలా లోపల ఒక లైను కూడా రాశాం. ఎల్‌సీడీ మొదటిదాన్నే పిలుస్తుంది. పంట జనవరిలో పట్టారు. బాబాయ్ గారు మాకు రెండు కిలోలు పంపించారు.

అయినా ఆయన ఇప్పటికీ బటన్ నొక్కాక వెంటనే పడుకోరట. కాసేపు నిలబడి చక్రాల చప్పుడు వింటారట. మా కోడ్ మీద ఆయనకి ఒకసారి పోయిన నమ్మకం అది. పేరు మార్చడానికి మాకు పది నిమిషాలు పట్టింది. ఆ నమ్మకం తిరిగి రావడానికి ఇంకెన్ని పంటలు పడుతుందో చూడాలి.